కంప్యూటరుతో తొలి తగాదాలు

ఝరాసంగం నుండి మా విజ్ఞాన కార్యక్రమానికి ఒక ఉత్తరం వచ్చినది. వ్రాసినది డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి. పైథాన్ అనే కంప్యూటరు భాషను ఆమె తనంతట తానుగా, ఇంట్లో ఉన్న ఒకే ఒక స్మార్టుఫోను మీద నేర్చుకొంటున్నది. ఉత్తరంలో రెండు పేరాల క్షమాపణ ఉన్నది. తనకు ఇంగ్లీషు అంతగా రాదనీ, ఇంత చిన్న సంగతి అడుగుతున్నందుకు నవ్వుకొనవద్దనీ, లోగడ ఒకచోట అడిగితే "ఈ మాత్రం తెలియనిదానివి ఎందుకు మొదలుపెట్టినావు" అన్నారనీ వ్రాసినది. ఆ తరువాత ప్రశ్న ఒక్క వాక్యం: "నా ప్రోగ్రాం తప్పు లెక్క చెబుతున్నది, కారణం తెలుపగలరు."

క్షమాపణకు పట్టిన కాగితం ప్రశ్నకు పట్టి ఉంటే ఆమెకు తిరుగు టపాలోనే సమాధానం అందేది. ఇది ఆ అమ్మాయి ఒక్కతె లోపం కాదు. కొత్తగా ఈ విద్యలో ప్రవేశించేవారు తమకు తెలియనిదానిని గురించి సిగ్గుపడతారే గాని, తమకు తెలిసినదానిని ఎదుటివారికి చెప్పాలని తోచదు. తాము ఏమి వ్రాసినారో, యంత్రం ఏమన్నదో వారికి తెలుసు. కావలసినది అదే. ఈ ప్రసంగంలో కొత్తవారికి నిత్యం ఎదురయ్యే కొన్ని చిక్కులను, వాటిని గురించి అడిగే తీరును ముచ్చటిస్తాను.

ముందుగా ఈ భాష సంగతి. పైథాన్, పెర్ల్, జావాస్క్రిప్టు వంటివాటిని స్క్రిప్టు భాషలు అంటారు. మా స్టూడియోలో స్క్రిప్టు అంటే మైకు ముందు చదివే కాగితం. నటుడు ఆ కాగితాన్ని వరుసగా చదువుతూ పోతాడు. కంప్యూటరు స్క్రిప్టు కూడా ఇంచుమించు అటువంటిదే. మనం వ్రాసిన పంక్తులను ఇంటర్‌ప్రెటర్ అనే దుబాసీ ఒకటి చదివి, యంత్రం చేత వరుసగా చేయిస్తుంది. పెర్ల్ భాషను లారీ వాల్ 1987లో వెలువరించినాడు. నెదర్లాండ్స్ దేశస్థుడు గీడో వాన్ రోసమ్ పైథాన్‌ను 1991లో లోకానికి ఇచ్చినాడు. ఈ పేరుకూ కొండచిలువకూ సంబంధం లేదు. బి.బి.సి. టెలివిజనులో 1969లో మొదలయిన "మాంటీ పైథాన్" అనే హాస్య కార్యక్రమం మీది ముచ్చటతో పెట్టిన పేరు అది. ప్రసార వృత్తిలో ఉన్నవాడిని గనుక ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోయినాను.

ఇక పాల లెక్కకు వద్దాము. మేము ఆ అమ్మాయికి జాబు వ్రాసి మూడు సంగతులు అడిగినాము: నీవు వ్రాసిన పంక్తులు ఏవి, ఏమి రావాలనుకొన్నావు, ఏమి వచ్చినది. ఆమె రెండవ ఉత్తరం చూడగానే విషయం తేటపడినది. ఇంట్లో ఒక బర్రె ఉన్నది. పొద్దున పోసిన పాలు, సాయంత్రం పోసిన పాలు అడిగి, రెండూ కలిపి చెప్పే ప్రోగ్రాం వ్రాసినది. పొద్దున 5 లీటర్లు, సాయంత్రం 4 లీటర్లు ఇచ్చినది. తొమ్మిది రావలసినచోట యాభై నాలుగు వచ్చినది. పూటకు అయిదు లీటర్లిచ్చే బర్రె రోజుకు యాభై నాలుగు లీటర్లిచ్చినట్లు లెక్క తేలినది!

యంత్రం ఇక్కడ పొరపాటు చేయలేదు. పైథాన్‌లో "ఇన్‌పుట్" అనే ఆజ్ఞ ద్వారా మనం ఇచ్చినదంతా దుబాసీ అక్షరాలుగానే తీసుకొంటుంది, అంకెలు ఇచ్చినా సరే. అక్షరాలను కలపడమంటే ఒకదాని పక్కన ఒకటి పెట్టడం. 5 పక్కన 4 పెడితే 54. ఇది సంఖ్య అని మనం చెప్పవలెను. అందుకు "ఇంట్" అనే ఆజ్ఞ ఉన్నది. అది పూర్ణసంఖ్యలకే పనికివస్తుంది. మరునాడు పాలు నాలుగున్నర లీటర్లయితే, అంటే 4.5 అని ఇస్తే, "వాల్యూ ఎర్రర్" అని ప్రోగ్రాం ఆగిపోతుంది. దశాంశాలకు "ఫ్లోట్" అనే ఆజ్ఞ వాడవలెను. 1,250 అని మధ్యలో కామా పెట్టి ఇచ్చినా రెండూ ఒప్పుకొనవు. చిత్రమేమంటే తెలుగు అంకె ౫ ఇస్తే మాత్రం "ఇంట్" దానిని శుభ్రంగా 5 అని గ్రహిస్తుంది. కామాను ఎరుగని యంత్రం మన అంకెలను ఎరుగును.

ఆమె మొదటి ఉత్తరానికి ఎంతటి పండితుడయినా జవాబు చెప్పలేడు. రెండవ ఉత్తరానికి ఆరు నెలలు నేర్చుకొన్న విద్యార్థి అయినా చెప్పగలడు. ఆ మూడు సంగతులూ వ్రాయడానికి ఇంగ్లీషు పాండిత్యం అక్కరలేదు. ఏమి రావాలనుకొన్నదీ తెలుగులో వ్రాయవచ్చును. వ్రాసిన పంక్తులనూ, యంత్రం చెప్పిన మాటలనూ మాత్రం ఉన్నవి ఉన్నట్లు, ఒక్క అక్షరం మార్చకుండా దించి పంపవలెను. "ఏదో ఎర్రర్ వచ్చినది" అనడం వైద్యునితో "ఎక్కడో నొప్పి" అనడం వంటిది.

ఫోను మీద నేర్చుకొనేవారికి కొన్ని అదనపు బాధలు ఉన్నవి. కంప్యూటరు మీద నేర్చుకొన్న ఉపాధ్యాయులకు ఇవి తోచవు కూడా. ఫోను కీబోర్డు వాక్యం మొదటి అక్షరాన్ని తానే పెద్దక్షరం చేస్తుంది. "ప్రింట్" అనే మాటను పెద్దబడి పి అక్షరంతో వ్రాస్తే పైథాన్‌కు అది వేరే మాట. "నేమ్ ఎర్రర్", అనగా ఈ పేరు నేనెరుగను, అంటుంది. రెండవది కొటేషను గుర్తులు. ఫోనులోనూ, వాట్సాప్ ద్వారా వచ్చిన పాఠాలలోనూ ఈ గుర్తులు అందంగా వంపు తిరిగి ఉండవచ్చును. పైథాన్‌కు నిలువు గుర్తులే కావలెను, వంపు గుర్తులను అది ఒప్పుకొనదు. మూడవది కంటికే కనబడదు. తెలుగులో పొల్లు హల్లు తరువాత మరొక హల్లు వచ్చినపుడు వత్తుగా మారిపోకుండా కీబోర్డు ఒక అదృశ్య చిహ్నాన్ని చేరుస్తుంది. పైథాన్ 3లో చలరాశులకు తెలుగు పేర్లు పెట్టుకొనవచ్చును. పాలు, ధర, మొత్తం అని నిక్షేపంగా వ్రాయవచ్చును. కాని ఆ పేరులో ఈ అదృశ్య చిహ్నం దూరితే దుబాసీ ఆగిపోతుంది. పంక్తిని ఎన్నిసార్లు చూసినా తప్పు అగపడదు. ఆ పేరును చెరిపి కొత్తగా, పొల్లు హల్లు లేని మాటతో వ్రాయడమే మందు.

యంత్రం చెప్పే తప్పుల జాబితాను చూసి చాలామంది భయపడతారు. పైథాన్‌లో దానిని ట్రేస్‌బ్యాక్ అంటారు. అది పది పంక్తులున్నా చివరి పంక్తిని ముందు చదవవలెను. తప్పు పేరు, దాని వివరం అక్కడ ఉంటాయి. దాని పైన పంక్తి సంఖ్య ఉంటుంది. తప్పు పేరు "సింటాక్స్ ఎర్రర్" అయితే వ్యాకరణ దోషమని అర్థం. దుబాసీ మొత్తం ఫైలును ముందుగా వ్యాకరణం కోసం చదువుతుంది గనుక, అప్పటికి ప్రోగ్రాంలో ఒక్క పంక్తి కూడా నడవలేదన్నమాట. ఇతర తప్పులు చాలావరకు మధ్యలో వస్తాయి, అంటే అంతవరకూ పైనున్న పంక్తులు పనిచేసినవే. ఈ ఒక్క తేడా తెలిస్తే వెదికే చోటు సగం తగ్గుతుంది. ఒక మెలిక ఉన్నది. తెరచిన బ్రాకెట్టును మూయడం మరచిపోతే, పాత పైథాన్ దాని కింది పంక్తిలో దోషమున్నదని చూపేది. విద్యార్థి ఆ నిర్దోషి పంక్తిని పట్టుకొని గంటలు గడిపేవాడు. 2021 అక్టోబరులో వెలువడిన 3.10 నుండి ఆ సందేశాలను చాలా బాగుచేసినారు. మూయని బ్రాకెట్టు ఏదో చెబుతున్నది, పేరులో అక్షరం తప్పితే "మీ ఉద్దేశం ఇదా" అని అడుగుతున్నది. మనుషులు కసురుకొనేచోట యంత్రం మర్యాద నేర్చుకొన్నదని సంతోషించవలెను.

పైథాన్‌లో రేడియోకు లొంగని సంగతి ఒకటి ఉన్నది. పంక్తి మొదట విడిచే ఖాళీలకు ఆ భాషలో అర్థం కలదు. ఏ పంక్తి ఏ షరతు కిందికి వస్తుందో ఆ ఖాళీయే చెబుతుంది. సాధారణంగా నాలుగు ఖాళీలు విడుస్తారు. ఒకచోట నాలుగు, ఒకచోట మూడు అయితే "ఇండెంటేషన్ ఎర్రర్". ఒకచోట ఖాళీలు, మరొకచోట ట్యాబు అయితే చూపుకు సమానంగానే ఉన్నా తగాదా తప్పదు. ప్రోగ్రాంను మామూలు సందేశంగా పంపినపుడు ఈ ఖాళీలు చెదిరిపోవచ్చును, అప్పుడు సాయం చేసేవారికి లేని తప్పు కనబడుతుంది, ఉన్న తప్పు కనబడదు. తెరను ఫోటో తీసి పంపితే ఖాళీలు నిలుస్తాయి గాని, అవతలివారు దానిని నడిపి చూడాలంటే ఆసాంతం తిరిగి కొట్టుకొనవలసి ఉంటుంది. ఫైలునే పంపడం ఉత్తమం.

ఇంతవరకూ చెప్పినవి ప్రపంచంలో ఏ మూల నేర్చుకొనేవారికయినా వచ్చే చిక్కులు. తెలుగువారికి ప్రత్యేకమయినవి మరికొన్ని ఉన్నవి, వీటికి ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలో జవాబు దొరకదు. "ఝరాసంగం" అనే మాటలో ఎన్ని అక్షరాలున్నవి? బడిపిల్లవాడు నాలుగని చెబుతాడు: ఝ, రా, సం, గం. పైథాన్‌ను "లెన్" అనే ఆజ్ఞతో అడిగితే ఏడు అంటుంది. ఎవరిది తప్పు? ఇద్దరిదీ కాదు. యూనికోడ్ అనే ప్రపంచ లిపి పట్టికలో ర ఒక సంకేతం, దాని దీర్ఘం మరొకటి. స ఒకటి, సున్న ఒకటి. గ ఒకటి, దాని సున్న మరొకటి. ఝతో కలిపి ఏడు. ఫైలులో దాచినపుడు యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడేసి బైట్లు పడతాయి గనుక మొత్తం ఇరవై ఒకటి. నాలుగు, ఏడు, ఇరవై ఒకటి, మూడూ నిజమే.

ఇదే మాటను వెనుకనుండి ముందుకు త్రిప్పమంటే వచ్చేది "గంసంరాఝ" కాదు. యంత్రం సంకేతాలను త్రిప్పుతుంది. సున్న ఒకటి ముందు అనాథగా వచ్చి నిలుస్తుంది. ర మీది దీర్ఘం పోయి స మీద వాలుతుంది. ఇంగ్లీషు పుస్తకంలో మాటను త్రిప్పడం మొదటి వారపు అభ్యాసం. దానిని తన ఊరి పేరు మీద చేసి చూసిన విద్యార్థి తనకే బుద్ధి తక్కువనుకొంటాడు. ఏ ఎర్రరూ రాలేదు గదా, ఎవరిని అడగడం? ఇటువంటి మౌనదోషాలు అరిచే దోషాలకంటె కష్టమయినవి. అక్షరాలను మన లెక్కలో విడదీయడానికి ప్రత్యేకంగా వ్రాసిన లైబ్రరీలు ఉన్నవి. అవి ఉన్నవని తెలియాలంటే మాత్రం ఎవరో ఒకరు చెప్పవలసినదే.

తెలుగు ఫైలును విండోస్ కంప్యూటరులో చదివించబోతే మరొక ఇబ్బంది. ఏ పద్ధతిలో చదవాలో చెప్పకపోతే పైథాన్ చాలాకాలంగా అక్కడ ఐరోపా భాషల పాత పట్టికను పట్టుకొని చదువుతూ వచ్చినది. అప్పుడు నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరుతాయి. వత్తు ఒక్కటి తగిలినా అది కూడా లేక "యూనికోడ్ డీకోడ్ ఎర్రర్" అని ఆగిపోతుంది, ఎందుచేతనంటే మన పొల్లుకు వాడే మూడవ బైటుకు ఆ పట్టికలో చోటు లేదు. ఫైలు తెరిచేటపుడు ఎన్‌కోడింగ్ యు.టి.ఎఫ్.-8 అని చెప్పితే తీరిపోతుంది. అచ్చుపనుల వారి వద్దనుండి తెచ్చిన పాత అను, శ్రీలిపి ఫైళ్లకు ఈ మందు పనిచేయదు. వాటిలో ఉన్నది తెలుగు సంకేతాలు కావు, తెలుగు రూపం తొడుక్కొన్న ఇంగ్లీషు సంకేతాలు. వాటిని మార్చడానికి వేరే సాధనాలు కావలెను.

సాయం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు వద్దాము. సంగారెడ్డి జిల్లాలో కంది వద్ద ఐ.ఐ.టి. ఉన్నది. అదే 65వ నంబరు జాతీయ రహదారి మీద జహీరాబాద్ ఉన్నది, అక్కడినుండి లోపలికి వెళితే ఝరాసంగం. రోడ్డు ఒకటే అయినా రెండుచోట్లా విద్యార్థికి అందుబాటులో ఉండే మనుషులు ఒకరు కారు. పట్టణ విద్యార్థికి పక్క గదిలో స్నేహితుడు ఉంటాడు, అడిగే పద్ధతి తెలియకపోయినా గడిచిపోతుంది. పల్లె విద్యార్థి కాగితం మీదనో, ఫోనులోనో అడగవలెను, అందుచేత పద్ధతి అతనికే ఎక్కువ అవసరం. బొంబాయి ఐ.ఐ.టి.లో ఆచార్య కన్నన్ మౌద్గల్య ఆధ్వర్యంలో నడిచిన "స్పోకెన్ ట్యుటోరియల్" అనే ప్రయత్నం ఈ అవసరాన్ని గుర్తించినది. సుమారు పదేసి నిమిషాల పాఠాలు, వింటూ పక్కనే చేసి చూడడానికి అనువుగా, తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో చెప్పించినారు. నాకు మిక్కిలి నచ్చినది వారి ప్రశ్నోత్తరాల ఏర్పాటు. ప్రశ్న వేసే విద్యార్థి ఏ పాఠంలో, ఎన్నవ నిమిషంలో, ఏ సెకనుల వద్ద తనకు సందేహం కలిగినదో గుర్తించవలెను. "నాకు అర్థం కాలేదు" అన్నవాడికి ఎక్కడ అర్థం కాలేదో చెప్పే వసతి కల్పించినారు.

యంత్రాన్ని సొంత మాటలో నేర్చుకొనడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఝరాసంగం మండలంలోని మాచనూరులో 2008 అక్టోబరు 15న సంగం రేడియో ప్రసారాలు ఆరంభించినది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని దళిత మహిళలే పాటలనూ మాటలనూ రికార్డు చేసి, కూర్చి, తమ ప్రాంతపు తెలుగులో ప్రసారం చేసినారు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరి పేర్లు దానివల్ల దూరదేశాలకు కూడా తెలిసినవి. రికార్డింగు యంత్రాల మీది గుర్తులన్నీ ఇంగ్లీషే. పైథాన్ ఆజ్ఞలూ అంతే, లెక్కిస్తే భాషకు సొంతమయిన మాటలు నలభైకి అటు ఇటుగా ఉంటాయి. నలభై మాటలు రాకపోవడం ఒక భాష రాకపోవడం కాదు.

2022 నవంబరు తరువాత చాట్‌జీపీటీ వంటి సంభాషణ యంత్రాలు వచ్చి, అడిగినవారికి అర్ధరాత్రి అయినా విసుగు లేకుండా జవాబులు చెబుతున్నవి. తెలుగులో అడిగినా గ్రహిస్తున్నవి. ఎగతాళికి జంకేవారికి ఇది నిజమయిన మేలు, కాదనలేను. అయితే అవి లేని లైబ్రరీని ఉన్నట్లుగా, తప్పును ఒప్పంత ధీమాగా చెప్పడమూ కలదు. పాల లెక్క తప్పయితే యాభై నాలుగు అని చూసి నవ్వుకొంటాము, ఎందుకంటే బర్రె సంగతి మనకు తెలుసు. విడ్డూరంగా అగపడని తప్పును పట్టేదెవరు? అందుచేత ప్రోగ్రాం వ్రాసిపెట్టమని కాక, నేను వ్రాసినదానిలో ఈ పంక్తి ఎందుకు ఇట్లా చేసినదో చెప్పమని అడగడం మంచిది. చెప్పినదానిని జవాబు ముందే తెలిసిన చిన్న లెక్క మీద నడిపి చూడవలెను.

మనుషులను అడిగినా, యంత్రాన్ని అడిగినా ప్రోగ్రాం మొత్తం కాక, చిక్కు వచ్చేంత మేరకు కత్తిరించిన ముక్కను పంపడం మేలు. నూరు పంక్తులను పది చేయండి, అప్పటికీ అదే తప్పు వస్తున్నదా చూడండి. ఇట్లా కత్తిరించే పనిలోనే సగం తగాదాలు తీరిపోతాయి, ఉత్తరం వ్రాయనక్కరలేకుండా. అమెరికాలో కొందరు ప్రోగ్రామర్లు బల్ల మీద రబ్బరు బాతును పెట్టుకొని దానికి తమ ప్రోగ్రాంను పంక్తి పంక్తిగా వివరిస్తారట. మన ఇళ్ళలో వినే ఓపిక ఉన్న నాయనమ్మలు ఉండగా బాతును కొనవలసిన పని లేదు.

సాయం చేసేవారితో కూడా ఒక మాట. మీకు జవాబు తెలుసు గనుక మొత్తం వ్రాసి ఇవ్వాలనిపిస్తుంది. ఇస్తే ఆ పూట గడుస్తుంది. రేపు 4.5 వచ్చినపుడు మళ్ళీ మీ గుమ్మంలోనే నిలబడతాడు. "ఈ 5 అక్షరమా, సంఖ్యా? అడిగి చూడు" అని, రకం తెలిపే "టైప్" ఆజ్ఞ ఒక్కటి చూపించండి చాలు. ఆ ఝరాసంగం అమ్మాయి విషయంలో ఒకచోట ఎవరో అన్న మాట రెండు సెకనుల మాట. దాని తరువాత ఆమె చాలా రోజులు ప్రోగ్రాం తెరవలేదని వ్రాసినది. తెరవకుండానే ఉండిపోయినవారు మనకు ఉత్తరం వ్రాయరు గనుక వారి లెక్క మన వద్ద లేదు.

మరి రెండు చిన్న జాగ్రత్తలు. ప్రశ్నతోపాటు పంపే ఫైలులో ఊరివారి అసలు పేర్లు, ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉండకూడదు. వాటి బదులు ఉత్తుత్తి పేర్లు రెండు మూడు పెట్టితే సరిపోతుంది. ఇక, జవాబు పనిచేసినపుడు పనిచేసినదని, ఏ మార్పువల్ల పనిచేసినదో కూడా తిరిగి వ్రాయండి. అదే చిక్కుతో మీ తరువాత వచ్చేవారు ముందుగా చదివేది ఆ చివరి ముక్కనే.

మా కార్యక్రమానికి ప్రోగ్రాంలు ఉత్తరంలో వ్రాసి పంపే శ్రోతలు, పంక్తి మొదట విడిచిన ఒక్కొక్క ఖాళీకి ఒక్కొక్క చుక్క పెట్టి వ్రాయవలసినదిగా కోరుతున్నాము. చేతివ్రాతలో నాలుగు ఖాళీలకూ అయిదు ఖాళీలకూ తేడా మాకు తెలియడం లేదు.